పద్నాలుగో నియమం

1956 ఆగస్టు 20

పాండురంగారావు వట్టి వెధవ.

ఈ వాక్యం రాసుకోవడానికే ఏలూరు నుంచి ఈ నోటుబుక్కు తెప్పించాను. యోబు దోనెలో బియ్యం బస్తాల మధ్య పెట్టి తెచ్చాడు. ఈ లంకలో నలభై రెండు ఇళ్ళున్నాయి. ఏ ఇంట్లోనూ ఎవరూ ఎవరినీ వాడు, అది అనరు. మూడో నియమం. పసిపిల్లల్ని కూడా మీరు అనాలి. నిన్న బుల్లిరాజు తన గేదెతో 'కొంచెం పక్కకి జరగండి' అంటుంటే విన్నాను. సౌమ్యలంకలో 'వాడు' అనే మాటకు మిగిలిన చోటు ఈ పుస్తకం ఒక్కటే.

వాడు. వాడు. వాడు.

ప్రాణం కుదుటపడింది.

ఆగస్టు 22

నియమావళి మూడో ముద్రణ వచ్చింది. అట్ట మీద 'రచన: పాండురంగారావు, బి.ఎ., బి.ఎల్.' ఆఖరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో 'ప్రూఫులు దిద్దిన సత్తిరాజు మేస్టారికి కృతజ్ఞతలు.'

ముప్ఫై ఒక్క నియమాలూ నేను రాశాను. 1951 వేసవిలో, ఏలూరులో మా వీధి అరుగు మీద కూర్చుని, మా ఆవిడ రాజేశ్వరమ్మ మజ్జిగ ఇస్తుంటే రాశాను. ఆమె అప్పటికే జబ్బు మనిషి. "ఎవరి కోసమండీ ఇదంతా?" అంది. "మానవజాతి కోసం" అన్నాను. ఆమె గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. వాడు నా తమ్ముడే. తాడేపల్లిగూడెంలో ప్లీడరీ మానుకుని, కొల్లేట్లో ఈ లంక సంపాదించి, నలభై రెండు కుటుంబాలను పోగుచేశాడు. వాడు చేసింది అంతే.

పద్నాలుగో నియమం చూడటానికి మద్రాసు నుంచి కూడా మనుషులు వస్తున్నారు. ఇక్కడ జైలు లేదు, జరిమానా లేదు, తిట్టు లేదు. తప్పు చేసినవారిని ఎవరూ ఏమీ అనరు. వారికి ఒంట్లో బాగాలేదని సభలో చెబుతారు. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి, ఇంటి నంబర్ల వరసన, ఒక్కో ఇంటిలోని పెద్దలు వెళ్ళి మూడేసి నిమిషాలు కూర్చుని "ఎలా ఉందండీ ఒంట్లో?" అని అడిగి వస్తారు. తేరుకునేదాకా రోజూ. దాని పేరు పరామర్శ. ఉమ్మడి వంటశాలలో చారు పల్చగా ఉందని ఒకసారి బుచ్చిబాబు అన్నాడు. తొమ్మిదో రోజున చిక్కగానే ఉందన్నాడు. ఇప్పుడు చారు కాచేది అతనే. పదకొండు రోజులు దాటి ఇంతవరకూ ఎవరూ తట్టుకోలేదు.

ఇంత సొగసైన నియమం ఏ దేశపు శాస్త్రంలోనూ లేదు. చాలా దేశాల శాస్త్రాలు చదివి చెబుతున్నాను.

'రచన: పాండురంగారావు.'

ఆగస్టు 24

పదిహేడో నంబరింటి నాగమణి వచ్చింది. పాతికేళ్ళు ఉండవు. మొగుడు పోయాక తల్లి నాంచారమ్మతో కలిసి ఈ లంకకు చేరింది. ఊరందరి బట్టలూ ఆ అమ్మాయే కుడుతుంది. అందరివీ ఒకే తాను బట్టలు కాబట్టి కొలతలు తప్ప ఆలోచించాల్సిందేమీ లేదు.

కొంగులోంచి కవరు తీసింది. ఇంగ్లీషు ఉత్తరం.

"మేస్టారండీ, ఇందులో రమ్మన్నారా, రావద్దన్నారా?"

"రమ్మన్నారు. ఏలూరు ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకి సీటు ఇచ్చారు. సెప్టెంబరు పదిహేడు లోపల చేరాలి. దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తారు."

"నిజంగానేనాండీ?"

"కింద సంతకం కూడా ఉంది."

మూడుసార్లు చదివించుకుంది. మూడోసారి పెదాలు కదుపుతూ నాతోపాటు చదివింది.

"వెళ్ళి ఏం చేస్తారమ్మా?"

"పని చేస్తానండీ."

"ఇక్కడ పని లేదా?"

"ఇక్కడ అందరూ బాగానే ఉన్నారు కదండీ. నర్సుతో ఏం పని?"

మొహం మీద నవ్వు లేకుండా అంది. నేనే నవ్వాను. చాలా కాలమైంది.

"ఎవరికీ చెప్పకండి మేస్టారూ. అమ్మకి నేనే మెల్లగా చెప్పుకుంటాను."

నాకు చెప్పుకోవడానికి ఎవరున్నారు?

ఆగస్టు 25

పాండురంగారావు ఇంటికి వెళ్ళాను, మూడో ముద్రణలో పదకొండు అచ్చుతప్పులు చూపించడానికి. వాడు కాఫీ ఇచ్చాడు. మాటల్లో మాట వచ్చింది.

ఆగస్టు 26

వాన.

ఆగస్టు 27

సాయంత్రం సభలో పాండురంగారావు లేచి, మెడలో ఉత్తరీయం సర్దుకున్నాడు.

"మన నాగమణిగారికి ఒంట్లో నలతగా ఉందండీ. ఇక్కణ్ణుంచి వెళ్ళిపోవాలని అనిపిస్తోందట."

అయ్యో అని సభ అంతా ఒక్కసారి నిట్టూర్చింది. నాంచారమ్మ కూతురి మొహంలోకి చూసింది. ఆమెకు అప్పుడే తెలిసిందనుకుంటాను.

"వెళ్ళొద్దని ఎవరూ అనడం లేదండీ. తలుపులకి తాళాల్లేని ఊరు మనది. ముందు తేరుకోనివ్వండి. తరవాత హాయిగా వెళ్ళొచ్చు."

తేరుకోవడమంటే వెళ్ళాలని అనిపించకపోవడం. అది నియమావళిలో లేదు, కానీ అందరికీ తెలుసు.

నాగమణి నావైపు చూసినట్టుంది. నాకు దూరపు చూపు సరిగా ఆనదు.

ఆగస్టు 28

నాది తొమ్మిదో నంబరు ఇల్లు. మూడూ ఇరవై నాలుగుకు వెళ్ళాను. ఎనిమిదోవారు లేస్తున్నారు.

"ఎలా ఉందండీ ఒంట్లో?"

"బాగానే ఉందండీ."

"అన్నం సయిస్తోందాండీ?"

"సయిస్తోందండీ."

"నిద్ర?"

"పడుతోందండీ."

కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. నాంచారమ్మ గుమ్మం పక్కన నిలబడి వచ్చినవాళ్ళకల్లా బెల్లం నీళ్ళు ఇస్తోంది. నాకూ ఇచ్చింది. తాగాను. పదోవారు వచ్చారు. నియమం ప్రకారం అన్నీ సక్రమంగా జరుగుతున్నాయి.

ఆగస్టు 31

నాలుగో రోజు.

సెప్టెంబరు 2

యోబు బియ్యంతో వచ్చాడు. అతను లంకవాడు కాడు. అవతలి ఒడ్డున క్రైస్తవుల పేటలో ఉంటాడు. వానాకాలం మాకూ లోకానికీ మధ్య ఉన్నది అతని దోనె ఒక్కటే. నిన్న నాగమణి మూట పట్టుకుని రేవుకు వెళ్ళిందట. చెప్పాడు.

"ఎండలో నిలబడ్డారేం, నీడకి రండి అన్నారండి బుల్లిరాజుగారు. దోనె ఎక్కాలండీ అంది ఆయమ్మ. అలాగే ఎక్కుదురుగాని, ఒంట్లో ఎలా ఉందండీ అన్నారు. పక్కనే కూచున్నారండి. చెయ్యి పట్టుకోలేదు, అడ్డం నిలబడలేదు. ఏదన్నా తిన్నారాండీ, కళ్ళు తిరుగుతున్నాయాండీ, ఇదే అడగడం. పన్నెండు దాకా అడిగారండి. ఆయమ్మే లేచి ఇంటికెళ్ళిపోయింది."

"నువ్వు ఎక్కించుకుని పోకపోయావా?"

"ఎలాగండి? యోబుగారూ, ఆవిడకి నీళ్ళ మీద ఏదన్నా అయితే మీకే మాట వస్తుందండీ అన్నారు. నన్ను గారు అనే ఊరు ఇదొక్కటేనండి." భుజం మీద తువ్వాలు సర్దుకుని అన్నాడు. "కూచోమనరనుకోండి."

నేను పడక్కుర్చీలో ఉన్నాను. అతను ముంగిట్లో నిలబడి ఉన్నాడు. నియమాలన్నీ మనసులో తిరగేశాను. కూర్చోమనాలని ఎక్కడా లేదు. నాలుగో ముద్రణలో చూడాలి.

సెప్టెంబరు 5

తొమ్మిదో రోజు. బుచ్చిబాబు చారు కూడా తొమ్మిదో రోజే.

సెప్టెంబరు 6

పొద్దున్నే నాగమణి వచ్చింది. శుభ్రంగా తల దువ్వుకుంది.

"నాకు తగ్గిపోయిందండీ. నిన్న పాండురంగారావుగారికి చెప్పేశాను. ఇక్కడే ఉంటానండీ."

"మంచిది."

ఉత్తరం నా బల్ల మీద పెట్టింది. "ఇది మీ దగ్గరుంచండి. ఇంట్లో ఉంటే తీసి చూడాలనిపిస్తోంది."

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఆ ఉత్తరం సంగతి అప్పటికి మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదండీ మేస్టారూ."

అడగలేదు. చెప్పింది. తరవాత నా మొహంలోకి చూసి, "మీకు ఒంట్లో ఎలా ఉందండీ?" అంది.

బాగానే ఉందన్నాను.

సెప్టెంబరు 7

మాటల్లో మాట రాలేదు. నేనే చెప్పాను.

నేను అచ్చుతప్పులు చూపిస్తుంటే వాడు ఆవలిస్తున్నాడు. నాలుగో తప్పు దగ్గర కిటికీలోంచి బయటికి చూశాడు. అప్పుడు నేను, "పదిహేడో నంబరింటికి ఇంగ్లీషు ఉత్తరం వచ్చింది. నేనే చదివి పెట్టాను" అన్నాను. వాడు తలెత్తి నా వైపు చూశాడు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అలాగాండీ అన్నయ్యగారూ?" అన్నాడు.

వాడు అలా తలెత్తి చూసి ఐదేళ్ళయింది. మిగతా అంతా చెప్పాను. తారీకుతో సహా.

సెప్టెంబరు 8

నియమావళి మొదటి నుంచి చివరిదాకా ప్రూఫు చదివినట్టు చదివాను. నా వచనం బాగుంది.

పద్నాలుగు, ఆ: ఒకేసారి ఇద్దరికి నలతగా ఉంటే పెద్దవారికే ముందు పరామర్శ.

పద్నాలుగు, ఇ: పరామర్శ పొందుతున్నవారు మాట్లాడుతున్నంతసేపూ, వచ్చినవారు లేవరాదు.

పద్నాలుగు, ఈ: కొత్తగా తేరుకున్నవారికి పది రోజులు విశ్రాంతి. వారు పరామర్శలకు రానక్కరలేదు.

'ఇ' ఎందుకు రాశానో గుర్తుంది. తప్పు చేసినవాడి మాట కూడా వినాలని రాశాను. ఐదేళ్ళలో దాన్ని ఒక్కరూ వాడుకోలేదు. రెండో రోజుకల్లా ఎవరి దగ్గరా చెప్పుకోవడానికి మాటలు మిగలవు. ఆ సంగతి రాసేటప్పుడు నాకు తట్టలేదు.

రేవు చూసేది బుల్లిరాజు ఒక్కడే. అతని ఇల్లు ముప్ఫై ఎనిమిది. మూడేసి నిమిషాల చొప్పున అయిదు గంటలకు కొంచెం ముందు అతని వంతు.

సెప్టెంబరు 10

యోబుతో చెప్పాను. పద్నాలుగో తారీకున, అయిదింటికి, రేవులో.

"ఊరు ఊరంతా ఎక్కడికి పోతారండి?"

"మా ఇంట్లో ఉంటారు. నేను మాట్లాడుతుంటాను."

యోబు రేవు వైపు చూశాడు.

"ఎంతసేపండి?"

"నువ్వు జమ్ము గడ్డి దాటేదాకా."

"మీరు మాట్లాడతానంటే భయం లేదండి" అన్నాడు.

పొగిడాడో ఏమో తెలియలేదు.

ఒక చొక్కా గుండీ తెంపి, నాగమణికి కుట్టడానికి పంపాను. జేబులో ఉత్తరం పెట్టాను. దాని వెనక తారీకు, గంట రాసి, కింద 'ఆ మాట పైకి చెప్పింది నేనే' అని కూడా రాశాను.

సెప్టెంబరు 11

చొక్కా వచ్చింది. గుండీ ఉంది. జేబు ఖాళీ.

సెప్టెంబరు 13

సభలో నేను లేచాను. చెయ్యెత్తి అనుమతి అడగలేదు.

"ఒరే పాండురంగం, పద్నాలుగో నియమం రాసింది నేనురా."

ఎక్కడో ఒక గ్లాసు కింద పడింది. తల్లులు పిల్లల చెవులు మూశారు. పాండురంగారావు మెల్లగా నడిచి నా దగ్గరికి వచ్చాడు. కళ్ళల్లో నీళ్ళు. నిజం నీళ్ళే.

"అన్నయ్యగారూ, ఎప్పట్నించి ఇలా ఉందండీ?"

"నలభై ఏళ్ళ నుంచి" అన్నాను.

నేను చేసింది సగం ఆ అమ్మాయి కోసం. మిగతా సగం సంగతి ఇక్కడ తేల్చను. 'ఒరే' మాత్రం పూర్తిగా నాది.

సెప్టెంబరు 15, పొద్దున

గొంతు పూర్తిగా పోయింది. రాయడానికి చేతులున్నాయి.

నిన్న మూడింటికి మొదటి నంబరు వారు వచ్చారు. అంటే పాండురంగారావూ, భార్యా. పిల్లలు బడిలో ప్రార్థన గీతం పాడుతున్నారు. "ఎలా ఉందండీ ఒంట్లో?" అన్నాడు. నేను మొదలుపెట్టాను.

1951 వేసవి దగ్గర మొదలుపెట్టాను. అరుగు, కాగితాలు, మజ్జిగ. రెండోవారు వచ్చారు. మొదటివారు లేవబోయారు. నేను ఊపిరి తీసుకోకుండా చెబుతూ 'ఇ' ఉన్న పేజీ తెరిచి చూపించాను. పాండురంగారావు మళ్ళీ కూర్చున్నాడు. తను రాసిన నియమం కదా, ఎలా లేస్తాడు?

మూడు ముద్రణల్లో అచ్చుతప్పులన్నీ చెప్పాను. పదోవారు వచ్చేసరికి గది నిండింది. పదిహేనోవారు అరుగు మీద కూర్చున్నారు. పదిహేడో నంబరు నుంచి నాంచారమ్మ ఒక్కతే వచ్చింది. చాప మీద నాకు ఎదురుగా బాసింపట్టు వేసుకుంది. నేను గ్రీకుల ఊహానగరాల్లో ఉన్నాను. ఎవరు ఎవరికి ఏం చదువు చెప్పాలన్నారో, చివరకు ఏమైందో చెప్పాను. దగ్గు వచ్చింది. దగ్గు మాట్లాడటం కిందికి రాదు. పాండురంగారావు పంచె సర్దుకున్నాడు.

"ఆ తరవాత ఏమైందండీ మేస్టారూ?" అంది నాంచారమ్మ.

ఈ ఐదేళ్ళలో నా మాట చివరిదాకా ఆ మనిషి ఎన్నడూ విన్నది లేదు.

తరవాత వేంగి రాజుల దగ్గరికి వచ్చాను. అన్నదమ్ములు ఒకరినొకరు ఎలా దింపుకున్నారో వరసన చెప్పాను. ఆ వంశంలో అన్నదమ్ములు చాలామంది. దేవుడి దయ. ఇరవై అయిదోవారు ముంగిట్లో నిలబడ్డారు. నిలబడినవాళ్ళు కూడా కదలకూడదని చెప్పాను, వాక్యం మధ్యలో. గోదావరి ఆనకట్ట కట్టాను. కాలవలు తవ్వాను. ఒకసారి మాట తడబడితే మళ్ళీ నాంచారమ్మ, "ఆ తరవాతండీ?" అంది. ఆమె చెయ్యి చాప పుల్లలు ఒక్కొక్కటే పీకుతోంది.

అయిదుకు కొంచెం ముందు బుల్లిరాజు వచ్చాడు. జనం మధ్యలో ఉన్న కాస్త చోటులో కూర్చున్నాడు. "ఎలా ఉందండీ మేస్టారూ?" అన్నాడు. నేను బంగాళాఖాతం తుఫానుల మీద ఉన్నాను.

పావుగంటకు అతనికి ఏదో తట్టింది. సగం లేచాడు.

"మేస్టారూ, మరి రేవు దగ్గర ఎవరూ..."

"కూర్చోండి, కూర్చోండి బుల్లిరాజుగారూ" అన్నాడు పాండురంగారావు, చెమట తుడుచుకుంటూ. "మాట్లాడుతున్నారు కదండీ."

ఆ క్షణంలో వాణ్ణి క్షమించాను. తరవాత వెనక్కి తీసుకున్నాను.

ఆరుంబావు దాకా మాట్లాడాను. చివరి అరగంట చెప్పడానికేమీ మిగల్లేదు. రాజేశ్వరమ్మ గురించి చెప్పాను. ఎవరి కోసమండీ ఇదంతా అని అడిగిందని, నేను ఏమన్నానో, ఆమె గ్లాసు తీసుకుని ఎలా లోపలికి వెళ్ళిందో చెప్పాను. అదే నాలుగుసార్లు చెప్పాను. నాలుగోసారి గొంతు ఆగిపోయింది.

నాంచారమ్మ ఏమీ అడగలేదు. లేచి, చాప చుట్టి, గోడకు ఆనించి వెళ్ళింది.

బుల్లిరాజు పరుగెత్తాడు. ఈ లంకలో ఒక మనిషి పరుగెత్తడం మొదటిసారి చూశాను.

సెప్టెంబరు 15, సాయంత్రం

పదింటికి యోబు వచ్చాడు.

"పేటలో మా యేసమ్మ దగ్గర పడుకోబెట్టి, తెల్లారాక వట్లూరు దగ్గర బస్సు ఎక్కించానండి. ఏలూరు చేరిపోయి ఉంటది."

కూర్చోండి అన్నట్టు అరుగు చూపించాను. మాట రాలేదు కాబట్టి 'అండీ' అన్నానో లేదో అతనికి తెలియదు. యోబు అరుగు వంక చూశాడు.

"ఇంకో రోజు కూచుంటానండి. దోనెలో నీళ్ళు తోడాలి."

నేను మాట్లాడటం లేదు గనక తేరుకున్నానని నిన్న రాత్రే సభ నిర్ణయించింది. ఇవాళ పరామర్శ నాంచారమ్మకు. కూతురు వెళ్ళిపోతే ఆపాలని అనిపించకపోవడం ఆమెకు వచ్చిన నలత.

నేను విశ్రాంతి తీసుకోవచ్చు. 'ఈ' ఉంది. అయినా నా వంతుకు వెళ్ళాను. నేను వెళ్ళేసరికి మొదటివారి నుంచి ఎనిమిదోవారి దాకా అందరూ అక్కడే ఉన్నారు. ఎవరూ లేవలేదు. కుట్టుమిషను మీద దుప్పటి తీసేసి ఉంది.

సంగతి పక్కవాళ్ళు చెవిలో చెప్పారు. పాండురంగారావు "ఎలా ఉందండీ ఒంట్లో?" అన్నాడట. నాంచారమ్మ, "బాగాలేదండీ" అందట.

ఐదేళ్ళలో ఆ ప్రశ్నకు ఆ జవాబు ఎవరూ చెప్పలేదు. బాగుందంటే ఏం చెయ్యాలో అందరికీ తెలుసు. మాట్లాడకపోతే తెలుసు. బాగాలేదంటే ఏం చెయ్యాలో ముప్ఫై ఒక్క నియమాల్లోనూ లేదు. రాసినవాణ్ణి, నాకు తెలుసు.

"మా అమ్మాయి లేదు కదండీ" అంది నాంచారమ్మ, ఎవరినీ చూడకుండా. "వెళ్ళమన్నది నేనేనండీ. మంచిదే అయిందండీ. బాగాలేదండీ." అని ఏడవడం మొదలుపెట్టింది.

పదోవారు వచ్చారు. పదకొండోవారు వచ్చారు. పాండురంగారావు పుస్తకం తిరగేశాడు. మళ్ళీ మొదటి నుంచి తిరగేశాడు. చివరకు, ఊరందరి ముందూ, నా వైపు తిరిగాడు.

"అన్నయ్యగారూ, దీనికేం రాశారండీ మీరు?"

ఐదేళ్ళు. మూడు ముద్రణలు. ఊరందరూ విన్నారు.

గొంతులో మిగిలినదంతా కూడదీసుకున్నాను.

"నాకేం తెలుసండీ? రాసింది మీరు కదా."

వాడు పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నాంచారమ్మ ఏడుస్తూనే ఉంది. ఏడుపు మాట్లాడటం కిందికి వస్తుందో రాదో నియమావళిలో లేదు. అందుకని ఎవరూ లేవలేదు.